ఓడలు వెళ్ళిపోయాక యార్డు ఎవరిది?

1964 నవంబర్‌లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా మూసేయబోయే సైనిక స్థావరాల జాబితా ప్రకటించాడు. అందులో బ్రూక్లిన్ నేవీ యార్డ్ పేరు కూడా ఉంది. న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్ ఒడ్డున 1801 నుంచి నడుస్తున్న యార్డు అది. ఆనాటికి దాదాపు తొమ్మిది వేలమంది అక్కడ పనిచేస్తున్నారు. తండ్రి వెల్డరు, కొడుకు ఫిట్టరు, మేనల్లుడు పెయింటరు అన్నట్టు ఇళ్ళకిళ్ళే ఆ యార్డు మీద బతికాయి. 1966 జూన్‌కల్లా గేట్లు మూతపడ్డాయి.

తర్వాత మూడు దశాబ్దాల్లో ప్రపంచంలో చాలాచోట్ల ఇదే జరిగింది. 1974లో బోస్టన్ దగ్గరి చార్లెస్‌టౌన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్, 1984లో ఇంగ్లండులోని చాతమ్, 1992లో ఫిలిప్పీన్స్‌లోని సూబిక్, సిడ్నీ రేవులోని కాకటూ దీవి, 1996లో కాలిఫోర్నియాలోని మేర్ ఐలండ్, ఆ ఏడే ఫిలడెల్ఫియా. వీటిలో కొన్ని వందల ఏళ్ళనాటివి. ఓడలు వెళ్ళిపోయాక మిగిలిన ఆ నేలని, షెడ్లని, రేవుని ఏం చేయాలన్న ప్రశ్నకి ఒక్కో ఊరు ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

మూతపడ్డ యార్డు మళ్ళీ బతికిందని చెప్పడానికి పత్రికలు సాధారణంగా చూపించేవి మూడు: కొత్త భవనాలు, వచ్చిపోయే పర్యాటకులు, పెరిగిన భూమి ధర. నా దృష్టిలో అవేవీ అసలు కొలతలు కావు. పొద్దున్నే ఆ గేటులోంచి లోపలికి వెళ్తున్నది ఎవరు? గోడ అవతలి పేటలో ఉండేవాడికి, చేతిపని తప్ప మరో ఆస్తి లేనివాడికి లోపల చోటుందా? నేవీ యార్డు తన రోజుల్లో చేసిన మేలు అదే. ఆ మేలు నిలబడిందా అన్నదే నేను చూడదలచుకున్న విషయం.

నేవీ యార్డు మామూలు ఫ్యాక్టరీ కాదు. బట్టల మిల్లు మూతపడితే నాలుగు గోడలు, ఒక కప్పు మిగులుతాయి. వాటిలో ఏదైనా పెట్టుకోవచ్చు. యార్డులో మిగిలేది డ్రై డాక్. బ్రూక్లిన్‌లో మొదటి డ్రై డాక్ పని 1841లో మొదలై 1851లో ముగిసింది. రాతి గోడలు నేల మట్టం నుంచి అడుగుదాకా మెట్లుమెట్లుగా దిగుతాయి. ఓడ లోపలికి రాగానే వాకిట్లోకి ఒక తేలే గేటుని తోసుకొచ్చి, దాని కడుపులో నీళ్ళు నింపి ముంచుతారు. అది రాతి గాడిలో బిగుసుకుంటుంది. అప్పుడు పంపులు లోపలి నీళ్ళు తోడేస్తాయి. ఓడ అంగుళం అంగుళం కిందికి దిగి, అడుగున వరసగా పేర్చిన దిమ్మెల మీద కూర్చుంటుంది. పక్కకు ఒరగకుండా రెండు వైపులా రాతి మెట్లకు దుంగలు ఆనిస్తారు. ఆ మెట్ల మీదే పనివాళ్ళు నిలబడి ఓడ అడుగు గీకుతారు, రేకులు మారుస్తారు, రంగులు వేస్తారు. బురదనేల, కిందినుంచి ఊట నీళ్ళు. అలాంటి చోట ఈ రాతి గుంటని నిలబెట్టడానికి పదేళ్ళు, ఇరవై లక్షల డాలర్లకు పైగా పట్టాయి. అది ఓడకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. పూడ్చాలన్నా ఖర్చే, ఉంచాలన్నా ఖర్చే.

దానికి తోడు ఎత్తైన గోడ. రహస్యం కోసం, దొంగతనాల భయంతో యార్డు చుట్టూ గోడ కట్టి ఊరికి నదిని కనపడకుండా చేస్తారు. ఎన్నో ఏళ్ళ తర్వాత నేవీ వెళ్ళిపోయినా గోడ ఉంటుంది, లోపల వీధులుంటాయి. ఊళ్ళో ఎవరికీ ఆ వీధులు తెలియవు. ఇక నేల లోపల ఏముందో దాని సంగతి తర్వాత చెబుతాను.

బ్రూక్లిన్ యార్డు ఉన్న వాలబౌట్ అఖాతానికి అంతకు ముందే ఒక చేదు చరిత్ర ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ళు అక్కడ పాత ఓడలను లంగరు వేసి జైళ్ళుగా వాడారు. వాటిలో పేరుమోసింది జెర్సీ. ఆకలితో, మశూచితో, జ్వరాలతో ఆ ఓడల్లో పదకొండు వేలమందికి పైగా చనిపోయారని అంచనా. వాళ్ళ ఎముకలు ఒడ్డు ఇసుకలో చాలాకాలం బయటపడుతూనే ఉన్నాయి. దగ్గర్లోని ఫోర్ట్ గ్రీన్ పార్కులో 1908లో కట్టిన స్తంభం వాళ్ళ జ్ఞాపకమే. యుద్ధం ముగిశాక జాక్సన్ సోదరులు ఆ ఒడ్డున ఓడలు కట్టారు. 1801లో జాన్ ఆడమ్స్ ప్రభుత్వం ఆ చోటుని 40 వేల డాలర్లకు కొన్నది.

అక్కడ తయారైన ఓడల పేర్లు చదువుతుంటే అమెరికా యుద్ధ చరిత్ర అంతా వరసగా నడుస్తుంది. 1889లో నీటిలోకి దింపిన మెయిన్, 1898లో హవానా రేవులో పేలిపోయి స్పెయిన్‌తో యుద్ధానికి కారణమైంది. 1915లో దింపిన అరిజోనా, 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ అడుగుకు చేరింది. 1944 జనవరిలో దింపిన మిజోరీ డెక్కు మీదే మరుసటేడు సెప్టెంబర్‌లో జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది. అమెరికాకి ఆ యుద్ధం ప్రారంభమూ ముగింపూ ఒకే యార్డు ఓడల మీద నమోదయ్యాయి. అంతర్యుద్ధంలో పేరుపడ్డ ఇనుప ఓడ మానిటర్ పక్కనే గ్రీన్‌పాయింట్‌లో తయారైనా, ఫిరంగులు బిగించుకుని నౌకాదళంలో చేరింది ఇక్కడే, 1862లో. యార్డు ఆసుపత్రిలో ఎడ్వర్డ్ స్క్విబ్ అనే నేవీ డాక్టరు, ఒక్కో సీసా ఒక్కో రకంగా పనిచేసే ఈథర్ మత్తుమందుని ఎప్పుడూ ఒకే మోతాదు బలంతో తీసే పద్ధతి కనిపెట్టాడు. ఆయన తర్వాత పెట్టిన కంపెనీ పేరు ఇవాళ్టికీ మందుల డబ్బాల మీద కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి యార్డు ఒక నగరం. పగలూ రాత్రీ మూడు షిఫ్టులు, డెబ్బై వేలమందికి పైగా పనివాళ్ళు. వెయ్యి అడుగులు దాటిన డ్రై డాక్‌లు రెండు కొత్తగా తవ్వారు. 1942 నుంచి ఆడవాళ్ళని వెల్డింగుకి, రేకు పనికి తీసుకున్నారు. అంతకుముందు జెండాలు కుట్టే గదిలోనో ఆఫీసులోనో తప్ప వాళ్ళకి చోటు లేదు. యార్డు పనివాళ్ళ కోసం పక్కనే పెద్ద ఇళ్ళ సముదాయం కట్టారు. ఇంగర్‌సాల్, విట్‌మన్ అనే పేర్లతో అది ఇప్పటికీ ఉంది. ఇప్పుడది పేదల ప్రభుత్వ గృహాలు. ఆ ఇళ్ళ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

1960 డిసెంబర్ 19న, కట్టడం పూర్తికావస్తున్న కాన్‌స్టెలేషన్ అనే విమానవాహక నౌకలో మంటలు లేచాయి. హ్యాంగరు డెక్కులో సామాన్లు మోసే బండి ఒకటి ఇనుప చెత్తతొట్టెని నెట్టింది. ఆ తొట్టె వెళ్ళి ఇంధనపు ట్యాంకు కుళాయిని విరిచింది. కారిన ఇంధనం వెల్డింగు నిప్పు దాకా పాకింది. ఓడ నిండా కర్ర పరంజాలే ఉండటంతో క్షణాల్లో అంతా అంటుకుంది. యాభైమంది చనిపోయారు, అందరూ యార్డు పనివాళ్ళే. ఇనుప ఓడలో మనుషులు కర్రల మంటకు చనిపోయారంటే ఆ పని ఎంత ఇరుకులో, ఎంత ప్రమాదం మధ్య సాగేదో అర్థమవుతుంది. యార్డుల చరిత్ర రాసేటప్పుడు ఓడ పేర్లకు ఇచ్చినంత చోటు ఇలాంటి రోజులకు ఇవ్వరు. ఇవ్వాలి.

మూతకి కారణాలు పైకి లెక్కల రూపంలో వచ్చాయి: ప్రైవేటు యార్డుల్లో ఓడ చౌకగా తయారవుతుందని. చోటు కూడా ఒక అడ్డంకే. సముద్రానికి పోవాలంటే బ్రూక్లిన్ బ్రిడ్జి కింద నుంచి పోవాలి. విమానవాహక నౌకలకు స్తంభాన్ని మడిచే ఏర్పాటు చేస్తే తప్ప వంతెన తగిలేది. చుట్టూ నగరం పెరిగిపోయి యార్డు పెరిగే దారి లేదు.

మూసిన తర్వాత జరిగిన మంచి పని ఒకటే, కానీ అదే పెద్దది. న్యూయార్క్ నగరం యార్డుని ముక్కలు చేసి అమ్ముకోకుండా, మొత్తంగా తానే కొని తన చేతిలో ఉంచుకుంది. మొదట్లో నగర పెద్దలు చేసిన ఆలోచన సహజమైనదే: పెద్ద యజమాని పోయాడు, ఇంకో పెద్ద యజమానిని తెద్దాం. 1969లో సీట్రెయిన్ అనే కంపెనీ వచ్చింది. చుట్టుపక్కల నల్లజాతి, పోర్టోరికో కుటుంబాల యువకులకు పని నేర్పి భారీ చమురు ట్యాంకర్లు కట్టించింది. 1973లో దిగిన మొదటి ట్యాంకరు పేరు బ్రూక్లిన్. అదే ఏడు అరబ్ దేశాలు చమురు బిగించాయి. ట్యాంకర్లకు గిరాకీ పడిపోయింది. ప్రభుత్వ హామీ అప్పులు కొన్నాళ్ళు నడిపించాయి గానీ 1979లో సీట్రెయిన్ ఓడల పని ఆపేసింది. నేవీ ఓడల మరమ్మతులు చేసే ఇంకో పెద్ద సంస్థ 1980లలో దివాలా తీసింది. ఒకే యార్డు, ఇరవై ఏళ్ళలో మూడుసార్లు మూతపడ్డట్టు లెక్క.

ఆ దెబ్బల తర్వాతే దారి మారింది. 1981లో ఏర్పడ్డ లాభాపేక్ష లేని అభివృద్ధి సంస్థ, పెద్ద షెడ్లని గదులుగా విడగొట్టి చిన్నచిన్న కార్ఖానాలకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. వడ్రంగి షాపులు, ఇనుప పనివాళ్ళు, నాటకాల సెట్లు కట్టేవాళ్ళు, సామాన్ల గోదాములు. ఒకడు మూసేసినా యార్డు మూతపడదు. ఇది ఎవరో మహానుభావుడికి తట్టిన పథకం కాదు. పెద్దవాళ్ళెవరూ రాకపోతే మిగిలిన దారి. సూత్రం మాత్రం గట్టిది: భూమి అమ్మరు, అద్దెకే ఇస్తారు, ఇళ్ళు కట్టనివ్వరు. నది ఎదురుగా మన్‌హాటన్ కనిపించే మూడు వందల ఎకరాల మీద ఇళ్ళు కట్టనివ్వకపోవడం ఎంత డబ్బు వదులుకోవడమో రియల్ ఎస్టేట్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకసారి అపార్టుమెంట్లు వస్తే, పక్కన సుత్తి చప్పుడు పడదని ఫిర్యాదులు వస్తాయి, కార్ఖానాలు పోతాయి. ఈ ఒక్క నియమమే యార్డుని కాపాడిందని నా నమ్మకం.

మధ్యలో నగరం అక్కడే పెద్ద చెత్త దహన కేంద్రం కట్టబోయింది. పక్కనే విలియమ్స్‌బర్గ్‌లో ఇళ్ళ కోసం, బడుల కోసం ఏళ్ళ తరబడి తగవులాడుకున్న హసిడిక్ యూదులు, లాటినో కుటుంబాలు ఆ పొగకి వ్యతిరేకంగా ఒక్కటై నిలబడ్డారు. 1990లలో ఆ పథకం ఆగిపోయింది. యార్డు ఇవాళ ఇలా ఉందంటే అందులో అధికారుల తెలివి ఎంతో గోడ బయటి జనం పోరాటం అంత.

2004లో స్టైనర్ స్టూడియోస్ అనే సినిమా స్టూడియో వచ్చింది. 2011లో 92వ నంబరు భవనంలో యార్డు మ్యూజియం తెరిచారు. 2012 ప్రాంతంలో ఒక పాత భవనం మిద్దె మీద ఎకరంన్నర కూరగాయల తోట వేశారు. జీతాలు పంచిన పాత కచేరీలో విస్కీ బట్టీ పెట్టారు. ఓడ భాగాలు కట్టిన 128వ నంబరు షెడ్డులో రోబోలు, యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలు చేరాయి. యుద్ధకాలంలో కట్టిన 77వ నంబరు భవనం పది లక్షల చదరపు అడుగులు; కింది అంతస్తులకు కిటికీలే లేవు. ఆ గోడలు తొలిచి కిటికీలు పెట్టి 2017లో అద్దెకు తెరిచారు. 1851 నాటి రాతి డాక్‌లోకి ఇప్పటికీ మరమ్మతు కోసం ఓడలు వస్తున్నాయి. ఒక ప్రైవేటు సంస్థ దాన్ని నడుపుతోంది. మొత్తం మీద నాలుగైదు వందల సంస్థలు, పది వేలకు పైగా ఉద్యోగాలు.

నేవీ మూసిన నాటి సంఖ్యని ఇది దాటింది. యుద్ధకాలపు సంఖ్యలో ఏడో వంతు మాత్రమే. నా కొలత ప్రకారం చూడాల్సింది ఇంగర్‌సాల్, విట్‌మన్ ఇళ్ళ వైపు. యార్డు కోసం కట్టిన ఆ ఇళ్ళ పిల్లలకి యార్డులో పని దొరుకుతోందా? అభివృద్ధి సంస్థ ఉద్యోగ కేంద్రం నడుపుతోంది, స్థానికులకి శిక్షణ ఇస్తోంది, హైస్కూలు పిల్లలకి 2019లో ఒక సాంకేతిక కేంద్రం పెట్టింది. అయితే కొత్తగా వస్తున్న సంస్థల్లో డిజైనర్లకీ ఇంజనీర్లకీ ఉన్నంత చోటు వెల్డరుకి లేదు. నేవీ యార్డు చదువు లేని కుర్రాణ్ణి అప్రెంటిసుగా తీసుకుని పదేళ్ళలో ఇల్లు కొనుక్కునే కార్మికుణ్ణి చేసేది. అద్దెగదుల యార్డు ఆ పని పూర్తిగా చేయలేకపోతోంది. అధికారుల పాత ఇళ్ళ వరస, అడ్మిరల్స్ రో, దశాబ్దాలు పట్టించుకోక కూలిపోయే స్థితికి వచ్చి, చివరికి చాలావరకు పడగొట్టి 2019లో సూపర్‌మార్కెట్ కట్టారు. పేటలో కూరగాయలు దొరకని జనం ఆ దుకాణం కావాలని అడిగారు, చరిత్ర ప్రేమికులు ఇళ్ళు కావాలన్నారు. నేను అక్కడ ఉంటే దుకాణం వైపే మాట్లాడేవాణ్ణి. ఇళ్ళని కాపాడాల్సిన కాలం ముప్ఫై ఏళ్ళ ముందే దాటిపోయింది.

తాళ్ళు పేనిన చోట్లు

తెరచాపల కాలంలో చాలా పెద్ద నేవీ యార్డులకి తాళ్ళు పేనే పొడుగాటి శాల ఉండేది. తాడు పేనాలంటే పోగుల్ని పొడుగునా చాచి, ఒక కొస తిప్పుతూ పోవాలి. ఎంత తాడు కావాలో అంతకు మించిన పొడుగు చోటు కావాలి. ఆ శాలలు వందల మీటర్లు సాగుతాయి, వెడల్పు మాత్రం తక్కువ. ఇలాంటి వింత ఆకారం ఎవరికి పనికొస్తుంది? ఐరోపా, అమెరికాల్లోని నాలుగు శాలలు నాలుగు రకాలుగా బతికాయి.

వెనిస్ ఆర్సెనాలె పన్నెండో శతాబ్దం తొలినాళ్ళ నుంచి ఆ గణతంత్రానికి గాలీలనే తెడ్ల ఓడలు కట్టి ఇచ్చింది. అక్కడి తాళ్ళశాల కోర్దెరియె 316 మీటర్లు. రియాల్టో వంతెన కట్టిన ఆంతోనియో దా పోంతె దాన్ని పదహారో శతాబ్దం చివర్లో మళ్ళీ కట్టాడు. 1980లో అక్కడ తొలి వాస్తుకళా బినాలె ప్రదర్శన జరిగింది. ఇప్పుడు ఆ స్తంభాల మధ్య ప్రపంచ కళాకారుల పనులు పెడతారు. చూడటానికి ఎంతో బాగుంటుంది; కానీ వెనిస్‌లో నివాసులు తగ్గిపోతున్న కాలంలో పడవ పనివాడికి అందులో పని లేదు.

ఫ్రాన్సులోని రోష్‌ఫోర్‌లో, పద్నాలుగో లూయీ కాలపు కోర్దెరీ రోయాల్ 374 మీటర్లు. చిత్తడినేల కావడంతో పునాది కింద ఓకు దుంగల తెప్ప పరిచారు. 1944లో వెళ్ళిపోతూ జర్మన్లు తగలబెట్టారు. ఊరు ముళ్ళకంపల్లో పడి ఉన్న దాన్ని తీసి నిలబెట్టుకుంది. ఆ పక్కనే డ్రై డాక్‌లో పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధనౌక హెర్మియోన్‌ని మళ్ళీ కర్రతోనే కట్టారు. 1997లో మొదలుపెట్టిన ఆ ఓడ 2015లో అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్ళింది. కట్టినన్నాళ్ళూ జనం టికెట్టు కొనుక్కుని వచ్చి వడ్రంగులు, కమ్మరులు పనిచేస్తుంటే చూశారు. మరిచిపోతున్న పని మళ్ళీ కొందరి చేతులకి వచ్చింది.

చార్లెస్‌టౌన్‌లోని గ్రానైట్ తాళ్ళశాల దాదాపు నాలుగు వందల మీటర్లు. అమెరికా నేవీ తాళ్ళలో చాలావరకు ఒకప్పుడు అక్కడివే. యార్డు మూసిన తర్వాత దశాబ్దాలు ఖాళీగా ఉండి, ఈమధ్యే అపార్టుమెంట్లయింది.

ఇంగ్లండులోని చాతమ్‌లో మాత్రం ఆ 346 మీటర్ల శాలలో ఇప్పటికీ తాళ్ళే పేనుతున్నారు. 1811 నాటి యంత్రం ఇంకా తిరుగుతోంది. ఒక్కో రాజ యార్డు తాడులో ఒక్కో రంగు పోగు కలిపేవారట, దొంగతనంగా బయటికి పోతే ఎక్కడిదో పట్టుబడేలా. అలాంటి చిన్న విషయాలు చూపిస్తూ పనివాళ్ళే యాత్రికులకి చెబుతారు. కొనేవాళ్ళున్నారు కాబట్టి అది మ్యూజియం బొమ్మ కాలేదు. ఈ నాలుగింటిలో నా ఓటు దీనికే.

చాతమ్ మొత్తం కథ ఇంత బాగాలేదు. నాలుగు వందల ఏళ్ళకు పైబడ్డ యార్డు, 1765లో నెల్సన్ ఓడ విక్టరీని నీటిలోకి దింపిన చోటు, 1960ల నుంచి అణు జలాంతర్గాముల మరమ్మతులు చేసిన చోటు. 1981లో ప్రభుత్వం మూసేస్తామంది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం వస్తే, పోబోతున్న ఉద్యోగాల పనివాళ్ళే ఓడల్ని సిద్ధం చేసి పంపారు. అయినా 1984 మార్చి 31న మూసేశారు. దాన్ని మూడు ముక్కలు చేశారు: ఎనభై ఎకరాలు చరిత్ర ట్రస్టుకి, కొంత వాణిజ్య రేవుకి, మిగిలింది ఇళ్ళకీ దుకాణాలకీ. ఆ ట్రస్టు చేసిన పని గొప్పది. 1995లో బండి చక్రాల పనిశాల నేల తవ్వితే నామూర్ అనే పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధనౌక దుంగలు వందలకొద్దీ బయటపడ్డాయి. బానిసత్వం నుంచి బయటపడి తన జీవితకథ రాసిన ఒలౌడా ఎక్వియానో ఆ ఓడ మీద పనిచేశాడు. పక్కనే నేవీ బారకాసుల్లో 2004 నుంచి విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి. కానీ నది కొసన ఉన్న షీర్‌నెస్ యార్డుకి 1960లోనే మూత పడితే, చాలా భవనాలు పడగొట్టి రేవు చేశారు. ఇంజనీర్లు ఇప్పటికీ మెచ్చుకునే 1860 నాటి ఇనుప చట్రపు పడవల గిడ్డంగి అక్కడ జనం కంట పడకుండా ఉంది. రెండు యార్డుల మధ్య తేడా పాతికేళ్ళే. ఆ పాతికేళ్ళలో పాత భవనాలకి విలువ కట్టడం జనం నేర్చుకున్నారు.

నేల కింద

ఇప్పటిదాకా చెప్పిన చోట్లన్నీ అదృష్టం చేసుకున్నవే. ఓడ పని నేలని విషం చేస్తుంది. రంగులో సీసం, రాగి, గొట్టాల చుట్టూ ఆస్బెస్టాస్, ట్రాన్స్‌ఫార్మర్ నూనెలు. ఆస్బెస్టాస్ పొడి పీల్చిన యార్డు పనివాళ్ళకి ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత కూడా ఊపిరితిత్తుల పొర క్యాన్సరు వస్తుంది. యార్డు మూసినా ఆ జబ్బు మూతపడలేదు.

హంటర్స్ పాయింట్‌లో ఇంతకు మించి జరిగింది. 1945 జూలైలో హిరోషిమా బాంబు భాగాలు ఓడకెక్కింది అక్కడే. 1946లో బికినీ దీవి దగ్గర అణు పరీక్షల్లో రేడియో ధార్మికత పట్టిన ఓడలని కడగడానికి అక్కడికే తెచ్చారు. ఇసుక చిమ్మి ఓడల పై పొర గీకారు. నౌకాదళ రేడియో ధార్మిక ప్రయోగశాల 1969 దాకా అక్కడే నడిచింది. యార్డు మూసిన పదిహేనేళ్ళకు, 1989లో, దాన్ని దేశంలో అత్యంత కలుషితమైన చోట్ల జాబితాలో చేర్చారు. శుద్ధి చేసే కాంట్రాక్టులో పనిచేసిన ఇద్దరు సూపర్‌వైజర్లు చెడ్డ మట్టి బదులు మంచి మట్టిని పరీక్షకి పంపినట్టు తేలి 2018లో జైలుకి వెళ్ళారు. యుద్ధకాలంలో పని కోసం దక్షిణాది నుంచి వచ్చి గోడ పక్కనే స్థిరపడ్డ నల్లజాతి కుటుంబాలు ఇదంతా భరిస్తున్నాయి. ఆ నేల మీద ఇళ్ళు అమ్ముడుపోయాక మట్టి లెక్క తప్పని తేలింది. శుద్ధి పూర్తికాకుండా నేల చేతులు మారకూడదన్న పాఠానికి ఇంతకంటే ఖరీదైన రుజువు అక్కర్లేదు.

మేర్ ఐలండ్‌ది ఇంకో రకం దెబ్బ. 1854లో మొదలై పసిఫిక్ తీరంలో అమెరికా నేవీకి తొలి యార్డు అయింది. పదిహేడు అణు జలాంతర్గాములు కట్టింది. వయేహో ఊరంతా దాని మీదే ఆధారపడింది. 1996లో మూసేశాక ఊరి ఖజానా కోలుకోలేదు. ఇళ్ళ ధరలు కూలి, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది జీతాలు కూడా మోయలేక 2008లో నగరం దివాలా పిటిషన్ వేసింది. దివాలాకి ఒక్క యార్డే కారణమనలేం. కానీ ఒకే యజమాని మీద నిలబడ్డ ఊరికి తేరుకోవడానికి ఎంతకాలం పడుతుందో అది చూపిస్తుంది.

ఆసియాలో ఇంకో దారి తొక్కారు: నేవీ పోయినా ఓడ పని పోనివ్వలేదు. బ్రిటన్ సింగపూర్ నుంచి తప్పుకుంటున్నప్పుడు, 1968 డిసెంబర్‌లో సెంబవాంగ్ నౌకాదళ యార్డుని నామమాత్రంగా ఒక డాలరుకి సింగపూర్ ప్రభుత్వానికి అప్పగించింది. కేరళ నుంచి వెళ్ళిన కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న చోటు అది. ప్రభుత్వం దాన్ని వెంటనే వాణిజ్య ఓడల మరమ్మతు యార్డుగా మార్చింది; అవే డాక్‌లు, చాలావరకు అవే చేతులు. ఉద్యోగాలు నిలబెట్టే విషయంలో ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు కనపడలేదు. ఇప్పుడు ఆ యార్డు పనులు దీవి పడమటి కొసకి తరలుతున్నాయి, సెంబవాంగ్ ఒడ్డుకి కొత్త ప్రణాళిక వేస్తున్నారు. అరవై ఏళ్ళ క్రితం తప్పించుకున్న ప్రశ్న మళ్ళీ వచ్చింది.

సూబిక్‌లో అంత సాఫీగా జరగలేదు. 1991లో పినటుబో అగ్నిపర్వతం బద్దలై స్థావరం బూడిదలో కూరుకుంది. ఆ సెప్టెంబర్‌లో ఫిలిప్పీన్స్ సెనేట్ 12-11 ఓట్లతో అమెరికా ఒప్పందాన్ని తిరస్కరించింది. 1992 నవంబర్‌లో అమెరికా నేవీ వెళ్ళిపోయింది. ఒలంగపో ఊరి జనం వేల సంఖ్యలో జీతం లేకుండా కాపలా కాసి, గిడ్డంగులు లూటీ కాకుండా చూశారు. స్వేచ్ఛా రేవు వచ్చింది, కార్గో విమానాల కంపెనీ వచ్చి వెళ్ళిపోయింది, తర్వాత కొరియా కంపెనీ ఒకటి భారీ షిప్‌యార్డు కట్టి ఇరవై వేలమందికి పైగా పని ఇచ్చింది. 2019లో అదీ అప్పుల్లో కూలింది. సీట్రెయిన్ కథే, ఇంకా పెద్ద అంకెలతో.

మన తీరం సంగతికి వస్తే, ఇక్కడ కథ తలకిందులుగా నడుస్తోంది. బొంబాయి డాక్‌యార్డు 1730ల నుంచి ఆగకుండా ఉంది. అక్కడ వాడియా కుటుంబం టేకుతో కట్టిన 1817 నాటి ఓడ ట్రింకోమలీ ఇంగ్లండులో హార్ట్‌లీపూల్‌లో ఇప్పటికీ నీటిమీదే ఉంది. గోదావరి పాయ మీద కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, బాగుచేసి పంపిన రేవు. ఒండ్రు, తుఫానులు కలిసి దాన్ని తినేశాయి. రెండో బతుకు దానికి దక్కలేదు.

విశాఖలో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ యార్డుకి 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో నెహ్రూ జలఉష అనే ఓడని నీటిలోకి దింపారు. సరుకు ఓడల కోసమే పుట్టిన ఆ హిందుస్థాన్ షిప్‌యార్డు 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది. ఇప్పుడు అక్కడ తయారయ్యేవి ఎక్కువగా నౌకాదళపు ఓడలు. మునిగిన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడే పనికోసం కట్టిన నిస్తార్ 2025 జూలైలో నౌకాదళంలో చేరింది. నౌకాదళానికి సహాయక ఓడలు మరో ఐదు కట్టే ఒప్పందం 2023లో కుదిరింది. మిగతా ప్రపంచంలో నేవీ యార్డులు వాణిజ్యం చేతికి వెళ్తుంటే, విశాఖలో వాణిజ్య యార్డు నేవీ చేతికి వచ్చింది. మూసివేత మాట ఇక్కడ ఎవరూ అనడం లేదు, అనకూడదు కూడా. కానీ ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడ్డ యార్డు ఎంత బలహీనమో వయేహో, బ్రూక్లిన్ చూపించాయి. సరుకు ఓడలు, మరమ్మతులు ఆ యార్డు చేయి దాటిపోకుండా చూసుకోవడం అందుకే ముఖ్యం.

ఇంకో పనికి కాలం మించిపోతోంది. బ్రూక్లిన్‌లో యుద్ధకాలపు పనివాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసే నాటికి వాళ్ళు ముసలివాళ్ళైపోయారు. 1942లో వెల్డింగు టార్చి పట్టిన అమ్మాయిలు ఎనభై దాటిన తర్వాత మాట్లాడారు. అయినా ఆ మాటల వల్లే ఇవాళ ఆ యార్డు చరిత్రలో ఓడ పేర్ల పక్కన మనుషుల పేర్లు కనిపిస్తున్నాయి. జలఉషకి రివెట్లు కొట్టినవాళ్ళు దాదాపు ఎవరూ మిగిలి ఉండరు. 1970లలో ఇరవై ఏళ్ళ వయసులో విశాఖ యార్డులో అప్రెంటిసులుగా చేరినవాళ్ళు ఇప్పుడు డెబ్బై ఏళ్ళ చుట్టూ ఉన్నారు. ఏ షాపులో ఏ పని ఎలా జరిగేదో, ఏ ఓడ కింద ఎవరు గాయపడ్డారో, మేస్త్రీ దగ్గర ఏం నేర్చుకున్నారో వాళ్ళు తెలుగులో, తమ యాసలో చెప్పగలరు. ఒక కాలేజీ చరిత్ర శాఖ, రెండు రికార్డింగు యంత్రాలు, ఓపికున్న పదిమంది విద్యార్థులు చాలు.